‘ఏమీ లేవు మేడం’ అన్న జంట: గర్భానికి ముందు పరీక్షల్లో ఒక కేసు

గర్భం కోసం ఇంకా ప్రయత్నం మొదలుపెట్టని ఒక జంట కేసు ఇది. ఆవిడకు 29 ఏళ్లు, అతనికి 33. పెళ్లయి రెండేళ్లయింది. ఇద్దరి అనుమతితోనే రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు తీసేశాను. ఇందులో నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది. దాన్ని దాచకుండా రాయమని అడిగింది ఆవిడే.

మొదటిసారి వచ్చినప్పుడు వాళ్ల చేతిలో 18 పేజీల రిపోర్టు ఉంది. ఏదో ప్యాకేజీ కింద తల నుంచి కాలి దాకా అన్ని పరీక్షలూ చేయించుకుని వచ్చారు. ఎర్ర అక్షరాల్లో అచ్చయిన ప్రతి అంకె చుట్టూ పెన్నుతో గీత గీసుకున్నారు. టార్చ్ ప్యానెల్‌లో, అంటే కడుపులోని బిడ్డకు హాని చేయగల ఇన్ఫెక్షన్ల పరీక్షల్లో, సైటోమెగాలో వైరస్ ఐజీఎం (ఈమధ్య ఇన్ఫెక్షన్ సోకిందేమో చూపే యాంటీబాడీ) ‘బోర్డర్‌లైన్’ అని ఉంది. అది చూసినప్పటి నుంచి వారం రోజులుగా ఆవిడకు నిద్ర లేదు. థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ 3.1 ఉంది, అది 2.5 లోపు ఉండాలని ఎక్కడో చదివారు. ఏఎంహెచ్ కాస్త తక్కువగా ఉంది. ఈ మూడింటికీ మందు రాస్తే చాలు, వచ్చే నెల నుంచే ప్రయత్నిస్తామన్నారు.

ఆ మూడింటిలో ఏదీ ఆరోజు మందు రాయాల్సింది కాదు. టార్చ్ ప్యానెల్‌ను లక్షణాలేవీ లేని వాళ్లకు మూకుమ్మడిగా చేయించడం వల్ల మేలు కన్నా టెన్షన్ ఎక్కువని నా అభిప్రాయం. ఐజీఎం పరీక్షల్లో లేనిది ఉన్నట్టు చూపించేవి తక్కువేమీ కాదు. ఎప్పుడో తగ్గిపోయిన ఇన్ఫెక్షన్ తాలూకు ఐజీఎం నెలల తరబడి రక్తంలో ఉండిపోతుంది కూడా. ఏఎంహెచ్ అండాశయంలో మిగిలిన అండాల నిల్వను సుమారుగా చెబుతుంది. అంతేగానీ ఈ ఏడాది సహజంగా గర్భం వస్తుందా రాదా అన్నది చెప్పదు. ఇక టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉండాలన్నది ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్న వాళ్ల కోసం పెట్టుకున్న లక్ష్యం. ఆవిడ ఆ మాత్ర వేసుకోవడం లేదు, థైరాయిడ్ యాంటీబాడీలు కూడా లేవు. దాన్ని కదిలించాల్సిన పని లేదు.

అసలు చూడాల్సింది నల్ల అక్షరాల్లో ఉండిపోయింది. అదే ప్యానెల్‌లో రుబెల్లా ఐజీజీ, అంటే పాత ఇన్ఫెక్షన్ వల్లో టీకా వల్లో మిగిలే యాంటీబాడీ, ‘నెగెటివ్’ అని ఉంది. నెగెటివ్ అంటే మంచిదే కదా అని పేజీ తిప్పేశారు. ఇక్కడ నెగెటివ్ అంటే రక్షణ లేదని అర్థం. గర్భం తొలి నెలల్లో రుబెల్లా సోకితే బిడ్డకు కంటి శుక్లాలు, గుండె లోపాలు, చెవుడు రావచ్చు. ఈ సంబంధాన్ని 1941లో మొదట గమనించింది నార్మన్ గ్రెగ్ అనే ఆస్ట్రేలియా కంటి వైద్యుడు. టీకా ఉంది కానీ అది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా. అందుకే గర్భంతో ఉన్నవాళ్లకు ఇవ్వం. వేసుకున్నాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. అంటే గర్భానికి ముందు తప్ప దీనికి వేళ ఉండదు.

‘అయితే ఒక నెల ఆగాలా?’ అని అతను అడిగాడు. ఆగాలన్నాను. ఆ నెల పది నెలలకు పైగా సాగుతుందని అప్పటికి నాకూ తెలియదు.

అడగడం దగ్గర

రిపోర్టులు పక్కన పెట్టి ప్రశ్నలకు వచ్చాను. గర్భానికి ముందు విజిట్‌లో రక్త పరీక్షల కన్నా ఈ అరగంటకే నేను ఎక్కువ విలువిస్తాను.

‘మందులేమైనా వాడుతున్నారా?’

‘ఏమీ లేవు మేడం.’

‘నొప్పులకి, నిద్రకి, జుట్టుకి, చర్మానికి?’

‘మొటిమలకి ఒక క్యాప్సూల్ వేసుకుంటున్నాను. అది మందు అనుకోలేదు.’

ఐసోట్రెటినోయిన్, రోజుకు 20 మిల్లీగ్రాములు, నాలుగు నెలలుగా. కడుపులోని బిడ్డ ముఖం, చెవులు, గుండె, మెదడు ఏర్పడడాన్ని తీవ్రంగా దెబ్బతీసే మందుల్లో ఇదొకటి. ఆపాక కనీసం నెల రోజులు గర్భం రాకూడదు. మొదటి ‘ఏమీ లేవు’ దగ్గర ఆగి ఉంటే ఫోలిక్ యాసిడ్ రాసిచ్చి, ఆ క్యాప్సూల్‌తో సహా ఇంటికి పంపేసేదాన్ని. ఆవిడ అబద్ధం ఆడలేదు. మందు అంటే ఆవిడ దృష్టిలో జబ్బుకి వేసుకునేది, మొటిమలు జబ్బు కాదు. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, బీపీకి వాడే కొన్ని రకాల మాత్రలు, కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ లాంటివి కూడా గర్భానికి ముందే మార్చుకోవాల్సినవి. వీటిని ఏళ్ల తరబడి వేసుకునే వాళ్లకు అవి ఒక అలవాటులో కలిసిపోయి, అడిగినప్పుడు గుర్తుకే రావు. మూర్ఛ మందును మాత్రం సొంతంగా ఒక్క రోజు కూడా ఆపకూడదని వెంటనే చెప్పాలి. లేకపోతే భయపడి ఆ రాత్రే మానేస్తారు.

తర్వాత ఇద్దరితో విడివిడిగా పది నిమిషాలు మాట్లాడాను. ఇది ప్రతి జంటతోనూ చేస్తాను, మీమీద అనుమానంతో కాదని ముందే చెబుతాను. ఆవిడ ఒంటరిగా చెప్పినవి ఇక్కడ రాయను. అతను రోజుకు ఏడెనిమిది సిగరెట్లు కాలుస్తాడు, ఇంట్లో తెలియదు. ఇది రాయొచ్చని అతనే అన్నాడు, ఎందుకంటే ఇప్పుడు మానేశాడు. శుక్రకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. కాబట్టి ఈరోజు మానేస్తే దాని ఫలితం మూడు నెలల తర్వాతి వీర్యంలో కనిపిస్తుంది. ‘నాకు కౌంట్ టెస్ట్ చేయించనా?’ అని అడిగాడు. అవసరం లేదన్నాను. ఏడాది ప్రయత్నించాక కూడా గర్భం రాకపోతేనో, భార్య వయసు 35 దాటి ఆరు నెలల్లో రాకపోతేనో, లేదా మగవాళ్లలో గవదబిళ్లలు వృషణాలకు దిగడం, అక్కడ ఆపరేషన్లు కావడం లాంటి చరిత్ర ఉంటేనో చేయిస్తాను. ఊరికే చేయించిన కౌంట్ ఒక్కోసారి ఆరోగ్యంగా ఉన్న మనిషిని కూడా కుంగదీస్తుంది.

కుటుంబం గురించి అడిగాను. ‘మీ ఇళ్లలో పుట్టుకతో వచ్చే జబ్బులేమైనా ఉన్నాయా?’

ఇద్దరూ ఒకేసారి తల అడ్డంగా ఊపారు. ఇక్కడ మాత్రం నేను రెండో ప్రశ్న వేయలేదు. అప్పటికి బయట ఇంకా ఐదుగురు కూర్చుని ఉన్నారు.

బీపీ, బరువు సరిగ్గానే ఉన్నాయి. షుగర్ లేదు. హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, సిఫిలిస్ పరీక్షలు ఇద్దరికీ రాశాను. గర్భాశయ ముఖద్వారం స్మియర్ తీశాను. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టమన్నాను. బిడ్డ వెన్నుపాము గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసి, డాక్టర్ దగ్గరికి వచ్చేసరికి ఆ పని దాదాపు అయిపోయి ఉంటుంది, అందుకే ముందు నుంచీ వేసుకోమంటాం. ఇక ఇద్దరికీ మామూలు బ్లడ్ కౌంట్. ఆవిడ ప్యాకేజీలో హిమోగ్లోబిన్ ఉంది గానీ మిగతా వివరాలున్న పేజీ ఎక్కడో పోయింది. అతను ఈ విజిట్ కోసం ఏ పరీక్షా చేయించుకోలేదు. ‘గర్భం తనకి కదా’ అన్నాడు నవ్వుతూ.

3.4

ఆవిడ కౌంట్ ముందు వచ్చింది. హిమోగ్లోబిన్ 10.4. ఎంసీవీ, అంటే ఎర్ర కణం సగటు పరిమాణం, 67. మామూలుగా 80కి పైన ఉండాలి. ఎర్ర కణాల సంఖ్య 53 లక్షలు. ఫెరిటిన్ 7, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ దాదాపు ఖాళీ.

కణాలు చిన్నవిగా ఉంటే ముందు గుర్తొచ్చేది ఐరన్ లోపం. కానీ ఐరన్ లేనప్పుడు కణాలు చిన్నవవడమే కాదు, వాటి సంఖ్య కూడా తగ్గుతుంది. సరుకు లేని ఫ్యాక్టరీ తక్కువ వస్తువులు చేస్తుంది కదా. బీటా థలసేమియా అంటే హిమోగ్లోబిన్ తయారీ దెబ్బతినే వంశపారంపర్య రక్త జబ్బు. ఆ జన్యు మార్పు ఒక్కటే ఉండి జబ్బు లేనివాళ్లను క్యారియర్లు అంటారు. వాళ్లలో అలా కాదు. కణాలు చిన్నవే గానీ వాటి సంఖ్య మాత్రం తగ్గదు, పైపెచ్చు ఎక్కువే ఉంటుంది. ఎంసీవీని ఎర్ర కణాల సంఖ్యతో భాగిస్తే, ఆ సంఖ్యను పది లక్షల్లో తీసుకుని, 13 కన్నా తక్కువ వస్తే క్యారియర్ అని అనుమానించాలి. దీన్ని మెంట్జర్ ఇండెక్స్ అంటారు, 1973 నుంచి వాడుకలో ఉంది. ఆవిడది 67ని 5.3తో భాగిస్తే 12.6. 13 గీతకు కాస్త కిందే ఉంది.

అందుకే హిమోగ్లోబిన్ రకాలను విడదీసే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష పంపాను. క్యారియర్లలో హెచ్‌బీఏ2 అనే రకం సాధారణంగా 3.5 శాతం దాటుతుంది. ఆవిడకు 3.4 వచ్చింది. కింద ల్యాబ్ వాళ్ల వ్యాఖ్య: క్యారియర్ లక్షణాలు లేవు. నేను ఫైల్లో రాసింది ఇది: ‘ఐరన్ లోపం. థలసేమియా క్యారియర్ కాదు. ఐరన్ మూడు నెలలు.’

మధ్యలో ఉన్న ఆ వాక్యం రాసే హక్కు నాకు లేదు. ఐరన్ బాగా తక్కువగా ఉన్నప్పుడు హెచ్‌బీఏ2 తయారీ కూడా కొంత పడిపోతుంది. నిజానికి 4 దాకా ఉండాల్సిన అంకె 3.4 దగ్గర కనబడొచ్చు. ఇది పీజీ మొదటి ఏడాదిలో చదువుకునే విషయం. ఫెరిటిన్ 7 అని నా కళ్ల ముందే ఉంది. అయినా అచ్చయిన వ్యాఖ్య చదివి, అదే మాట నా చేత్తో మళ్లీ రాశాను.

రెండు వారాల తర్వాత అతను ఒక్కడే వచ్చాడు, తన రిపోర్టుతో. ఆవిడ పట్టుబట్టి పంపిందట. హిమోగ్లోబిన్ 13.1, ఎంసీవీ 65, ఎర్ర కణాలు 62 లక్షలు. ఇండెక్స్ పదిన్నర. ‘ఆఫీసు చెకప్‌లో ప్రతి ఏడాదీ ఇదే వస్తుంది మేడం. ఐరన్ తక్కువంటారు. మూడేళ్లుగా మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను’ అన్నాడు. ఫెరిటిన్ చూస్తే 140. ఐరన్ కొరత అన్నదే లేదు, మూడేళ్లుగా అక్కర్లేని మాత్రలు మింగుతున్నాడు. హెచ్‌బీఏ2 పంపితే 5.4 వచ్చింది. ఇందులో సందేహానికి చోటు లేదు. అతను బీటా థలసేమియా క్యారియర్.

ఆ అంకె చూశాకే ఆవిడ ఫైలు మళ్లీ తెరిచాను. ఒకరే క్యారియర్ అయితే బిడ్డకు తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం దాదాపు ఉండదు. ఇద్దరూ అయితే ప్రతి గర్భంలోనూ నాలుగో వంతు. ఆవిడ 3.4 అప్పుడు నాకు వేరేలా కనిపించింది.

ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. మీరు క్యారియర్ కాదని నేను రాసింది తొందరపాటు, అది కొట్టేస్తున్నాను, ఐరన్ నిండాక మళ్లీ చూడాలి, అప్పటిదాకా గర్భం రాకుండా జాగ్రత్త పడండి అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ‘ఇప్పటికే గర్భం వచ్చి ఉంటే ఏం చేసేవారు?’ అని అడిగింది. ఐరన్ కోసం ఆగేవాళ్లం కాదు, ఆ రోజే ఇద్దరి రక్తం డీఎన్ఏ పరీక్షకు పంపేవాళ్లం, వారాలు లెక్కపెట్టుకుంటూ ఎదురుచూసేవాళ్లం అని చెప్పాను.

అప్పుడు వేశాను, మొదటి రోజు వేయాల్సిన ప్రశ్న. ‘మీ అమ్మగారికి మీరు ఎంతమంది?’

‘నేను, తమ్ముడు.’

‘మీకన్నా ముందు ఎవరైనా పుట్టి పోయారా? చిన్నప్పుడు రక్తం ఎక్కించాల్సి వచ్చినవాళ్లు ఎవరైనా?’

తెలియదంది, అమ్మను అడిగి చెబుతానంది. మర్నాడు పొద్దున్నే ఆవిడే ఫోన్ చేసింది. తనకన్నా ముందు ఒక మగబిడ్డ పుట్టాడు. రెండున్నరేళ్లకు పోయాడు. ఒళ్లు పాలిపోయేదట, పొట్ట ఉబ్బి ఉండేదట, రెండు మూడుసార్లు రక్తం ఎక్కించారట. ఇంట్లో ఆ బాబు ఫొటో లేదు, మాట రాదు. ‘ఇప్పుడెందుకే అవన్నీ’ అని అమ్మ ఏడ్చిందట.

ఆ బిడ్డకు ఏ పరీక్షా కాగితమూ లేదు కాబట్టి అది థలసేమియానే అని నేను చెప్పలేను. అదే అయి ఉంటే మాత్రం తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లు. అప్పుడు జబ్బు లేకుండా పెరిగిన తోబుట్టువు క్యారియర్ అయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. ‘పుట్టుకతో వచ్చే జబ్బులున్నాయా’ అని అడిగితే ఆవిడకు ఈ బాబు గుర్తు రావడానికి కారణమే లేదు. పేరు పెట్టని జబ్బు ఇంట్లో వాళ్ల దృష్టిలో జబ్బు కాదు, ఒక కష్టం. జబ్బు గురించి కాకుండా మనుషుల గురించి అడగాలి. ఎంతమంది పుట్టారు, ఎంతమంది ఉన్నారు, పోయినవాళ్లు ఏ వయసులో పోయారు, నడక, మాట ఆలస్యమైన వాళ్లున్నారా, పదే పదే గర్భం పోయినవాళ్లున్నారా.

మూడున్నర నెలలు

ఈ వ్యవధిలో చేసినవి చెప్పుకోదగ్గంత పెద్దవేమీ కావు. ఐసోట్రెటినోయిన్ మొదటి రోజే ఆపేశాం. రుబెల్లా టీకా వేశాం. ఐరన్ మాత్రలు టీ, కాఫీలకు దూరంగా వేసుకోమన్నాం. అతని ఐరన్ మాన్పించాం. మిగతా రిపోర్టులన్నీ సవ్యంగానే వచ్చాయి.

ఫెరిటిన్ 34కి వచ్చాక మళ్లీ పరీక్ష. హిమోగ్లోబిన్ 11.3కి పెరిగింది కానీ ఎంసీవీ 68 దగ్గరే నిలిచిపోయింది. ఐరన్ నిండినా కణాలు పెద్దవి కాలేదంటే కారణం ఐరన్ ఒక్కటే కాదు. హెచ్‌బీఏ2 4.3.

ఇద్దరి రక్తం డీఎన్ఏ పరీక్షకు వెళ్లింది. బీటా గ్లోబిన్ జన్యువులో ఇద్దరికీ మార్పులున్నాయి, రెండూ వేర్వేరు మార్పులు. జన్యు నిపుణురాలు చూసి, ఈ రెండూ కలిసి బిడ్డకు వస్తే తరచూ రక్తం ఎక్కించాల్సిన తీవ్రమైన రకమే అవుతుందన్నారు. అన్ని జంటల్లోనూ ఇలా ఉండదు, కొన్ని మార్పుల కలయిక తేలికపాటి జబ్బుతో పోతుంది. అందుకే ‘ఇద్దరూ క్యారియర్లు’ అన్న మాటతో ఆగకుండా ఏ మార్పులో తెలుసుకోవాలి. గర్భంలో బిడ్డను పరీక్షించాలన్నా దేనికోసం వెతకాలో ముందే తెలిసి ఉండాలి.

కౌన్సెలింగ్‌కు ఇద్దరూ నోట్‌బుక్ తెచ్చుకుని కూర్చున్నారు. క్యారియర్ అంటే జబ్బు ఉన్నట్టు కాదని, మీకు మందు గానీ పథ్యం గానీ అక్కర్లేదని చెప్పాను. జబ్బు ఉన్న బిడ్డ పుట్టినప్పుడు మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే గర్భంలో వాడుకున్న హిమోగ్లోబిన్ వేరు. అది తగ్గుతూ వచ్చే ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య పాలిపోవడం మొదలవుతుంది. ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఐరన్ గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది కాబట్టి దాన్ని బయటికి లాగే మందులు జీవితాంతం వాడాలి. సరిపోయే దాత దొరికితే మూలకణ మార్పిడితో నయం చేయొచ్చు, కానీ ఒక్కో తోబుట్టువు సరిపోయే అవకాశం నాలుగో వంతే. చక్కగా వైద్యం అందుతున్న పిల్లలు చదువుకుని, ఉద్యోగాలు చేస్తూ, పెళ్లి చేసుకుంటున్నారు. ఇది కూడా చెప్పాలి. భయపెట్టి నిర్ణయం తీసుకునేలా చేయడం కౌన్సెలింగ్ కాదు.

‘నాలుగులో ఒకటంటే, మా అన్నకి వచ్చింది కాబట్టి మా ఇంటి వంతు అయిపోయినట్టే కదా?’ అని ఆవిడ అడిగింది. చాలామంది ఇదే అడుగుతారు. నాణెం ఎగరేసినప్పుడు కిందటిసారి బొమ్మ పడిందని దానికి గుర్తుండదు. ప్రతి గర్భమూ కొత్త లెక్కే. జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, తల్లిదండ్రుల్లా క్యారియర్ అయ్యే అవకాశం 50, ఏదీ లేకుండా పుట్టే అవకాశం 25.

అతను నెమ్మదిగా వేరే మాట అడిగాడు. ‘ఇది నా వల్లా, తన వల్లా?’ ఇద్దరిలో ఏ ఒక్కరి వల్లా కాదని నోట్‌బుక్‌లో బొమ్మ గీసి చూపించాను. పరీక్ష మొదట ఎవరికి చేస్తే వాళ్లను దోషిగా చూసే ఇళ్లు నాకు తెలుసు. అందుకే పిల్లల కోసం వచ్చే దంపతులకు ఇప్పుడు మొదటి విజిట్‌లోనే ఇద్దరి రక్తం ఒకేసారి తీయిస్తున్నాను.

వాళ్ల ముందు దారులు ఇవి. సహజంగా గర్భం దాల్చి, 11 నుంచి 14 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి డీఎన్ఏ చూడడం. దీన్ని సీవీఎస్ అంటారు. లేదా 15 వారాలు దాటాక ఉమ్మనీరు తీసి చూడడం. రెండింట్లోనూ గర్భం పోయే ప్రమాదం కొంత ఉంది. అనుభవం ఉన్నవాళ్ల చేతుల్లో అది వందకు ఒకటి కన్నా తక్కువే. జబ్బు ఉందని తేలితే గర్భం కొనసాగించాలా వద్దా అన్నది చట్టం ఇచ్చిన గడువులో వాళ్లే తేల్చుకోవాలి. రెండో దారి ఐవీఎఫ్ చేసి పిండాలను ముందే పరీక్షించి, జబ్బు లేనిదాన్ని గర్భంలో ఉంచడం. ఆ కష్టమైన నిర్ణయం తప్పుతుంది గానీ ఇంజెక్షన్లు, ఖర్చు, ఒకటికి రెండుసార్లు విఫలమయ్యే అవకాశం ఉంటాయి. దాత అండంతోనో వీర్యంతోనో గర్భం, దత్తత, ఏ పరీక్షా లేకుండా వచ్చింది స్వీకరించడం కూడా దారులే. ‘మీరైతే ఏం చేస్తారు?’ అని అడిగారు. నేను చెప్పలేదు. వాళ్లు ఇంటికెళ్లి రెండు నెలలు తీసుకున్నారు.

ఆ రెండు నెలలే ఈ కేసులో అతి విలువైన వస్తువు. ఇదే విషయం 13వ వారంలో తెలిసి ఉంటే, ఈ దారుల్లో సగం మూసుకుపోయి ఉండేవి. మిగిలిన సగానికి రోజుల లెక్కన జవాబు చెప్పాల్సి వచ్చేది. సైప్రస్ లాంటి దేశాల్లో 1970ల నుంచే పెళ్లి, గర్భం ముందర క్యారియర్ పరీక్షను అందరికీ అలవాటు చేశారు, అక్కడ తీవ్రమైన థలసేమియాతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. వాళ్ల దగ్గర గొప్ప మందేమీ లేదు, ముందు అడగడం ఒక్కటే తేడా.

ఆ తర్వాత

సహజ గర్భం, సీవీఎస్ అని వాళ్లు నిర్ణయించుకున్నారు. ఆవిడ క్యారియర్ కాబట్టి ఫోలిక్ యాసిడ్‌ను రోజుకు 5 మిల్లీగ్రాములకు పెంచాను. మొదటిసారి నా దగ్గరికి వచ్చిన పదకొండో నెలలో టెస్ట్ పాజిటివ్ అయింది. ఆవిడ నాకు పంపిన మెసేజ్‌లో సంతోషం గురించి ఒక్క ముక్క లేదు. ‘5 వారాలు. సీవీఎస్ తేదీ ఎప్పుడు?’ అని ఉంది.

12వ వారంలో సీవీఎస్ జరిగింది. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తీసిన ముక్కలో తల్లి కణాలు కలిసిపోలేదని నిర్ధారించుకున్నాకే ల్యాబ్ ఫలితం ఇస్తుంది, ఆ కాస్త ఆలస్యం కూడా వాళ్లకు భారంగా గడిచింది. బిడ్డకు తల్లి నుంచి వచ్చిన మార్పు ఒక్కటే ఉంది, తండ్రిది రాలేదు. అంటే తల్లిలాగే క్యారియర్.

ఫోన్లో చెబితే అతను మళ్లీ చెప్పమన్నాడు. మూడోసారి చెప్పాక ఆవిడ చేతికిచ్చాడు.

గర్భం మిగతా నెలలు పెద్ద విశేషాలు లేకుండా నడిచాయి. ఆవిడ హిమోగ్లోబిన్ 9.6కి దిగినప్పుడు వేరే చోట ఒకరు ఐరన్ ఇంజెక్షన్ పెట్టిద్దామన్నారట. ఫెరిటిన్ చూసి, అవసరం లేదన్నాం. క్యారియర్‌కు గర్భంలో హిమోగ్లోబిన్ కాస్త తగ్గడం సహజం, నిల్వ తక్కువగా ఉంటేనే ఐరన్ ఇవ్వాలి. 39వ వారంలో ఆడపిల్ల పుట్టింది, 2.9 కిలోలు.

నా కేసు షీట్‌లో రెండు మార్పులు చేసుకున్నాను. కుటుంబ చరిత్ర గడిలో ‘జబ్బులు’ అన్న మాట తీసేసి, ‘పుట్టినవాళ్లు, ఉన్నవాళ్లు, పోయినవాళ్లు’ అని రాయించాను. హెచ్‌బీఏ2 గడి పక్కనే ఫెరిటిన్ గడి పెట్టించాను, రెండో అంకె రాయకుండా మొదటిదాని మీద వ్యాఖ్య రాయకూడదని.

బిడ్డకు నెల నిండకముందే అతని తమ్ముడు ఫోన్ చేశాడు. పెళ్లి కుదిరిందట. ‘మా అన్నయ్య చెప్పమన్నాడు మేడం. ఆ అమ్మాయిని కూడా తీసుకురావాలా?’

ముందు మీ ఒక్కరిదే చూద్దాం, రేపు పొద్దున రక్తం ఇచ్చి వెళ్లండి అన్నాను. మీలో లేకపోతే దీని కోసం ఆవిడను సూదితో పొడవాల్సిన పని లేదు.